చిన్ని ఊపిరికి చోటు

మా చిన్నికి అప్పుడు అయిదో వారం. స్నానం చేయించి ఒళ్ళు తుడుస్తూ రెండు అరచేతులూ వీపు మీద ఆనించాను. కుడిచెయ్యి కింద పక్కటెముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఎడమచెయ్యి కింద ఏ కదలికా లేదు. గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది. చేతులు తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

ఆ రోజు ఎవరితోనూ చెప్పలేదు. పుట్టగానే పాప వెన్ను పైభాగం కాస్త పక్కకు వంగి ఉందని చెప్పారు కాబట్టి ఇదీ అందులో భాగమే అనుకున్నాను. "పెరిగే కొద్దీ తెలుస్తుంది, ఇప్పుడే కంగారు వద్దు" అన్న మాట పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు చిన్నికి తొమ్మిదేళ్ళు. వెన్ను వంకర ఉందని మాకు మొదటి రోజే తెలిసింది. ఛాతీలో ఊపిరికి చోటు లేదన్న సంగతి తెలియడానికి మాత్రం 11 నెలలు పట్టింది. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంకో ఇంట్లో అన్ని నెలలు పోకూడదని ఇది రాస్తున్నాను.

మూడో నెలలో మొదటి ఎక్స్‌రే తీశారు. డాక్టరు గారు ఫిల్ము మీద గీతలు గీసి వంకర 44 డిగ్రీలు ఉందన్నారు. ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీసి చూద్దాం, మరీ పెరిగితే వెన్నుపూసలు అతికించే ఆపరేషన్ చేద్దాం, అంతవరకూ చేసేదేమీ లేదన్నారు. ఆ ఫిల్ము ఇప్పటికీ నా దగ్గరుంది. కిటికీ వెలుగులో పట్టుకుంటే ఇప్పుడు నా కళ్ళు ముందు పక్కటెముకల మీదికే పోతాయి. ఎడమవైపు నాలుగో దాని నుంచి ఎనిమిదో దాకా విడివిడి గీతలే లేవు. అయిదూ కలిసిపోయి ఒకే తెల్లటి పలకలా ఉన్నాయి. ఊపిరితిత్తి ఉండే నల్లటి జాగా ఎడమవైపు ఎంత పొట్టిగా ఉందంటే, కుడివైపు ఎత్తులో 58 శాతమే. తర్వాత కొలిచి చెప్పారు ఆ లెక్క. ఆ రోజు ఆ గదిలో ఉన్న ముగ్గురం వెన్ను తప్ప ఇంకేమీ చూడలేదు.

ఏడో నెలలో జలుబు చేసి న్యుమోనియాలోకి దిగింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, ఆక్సిజన్ తీసేశారు. ఇంటికి పంపే రోజు పొద్దున ఒక నర్సమ్మ పాపను ఎత్తుకుని, "జలుబు తగ్గినా డొక్కలు ఎగరేస్తూనే ఉందేంటమ్మా?" అంది. డ్యూటీ డాక్టరు వచ్చి వేలికి క్లిప్పు పెట్టి చూశారు. 96 ఉంది. "బాగానే ఉందమ్మా, తీసుకెళ్ళండి" అన్నారు. 96 చూసి మేమూ ఊరట పడ్డాం.

ఆ అంకె మమ్మల్ని చాలాకాలం మోసం చేసింది. వేలికి పెట్టే ఆ యంత్రం రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. ఆ ఆక్సిజన్ కోసం బిడ్డ ఎంత కష్టపడుతోందో చెప్పదు. ఛాతీ తెరుచుకోని పిల్లలు ఊపిరి వేగం పెంచి, పొట్టతో లాగి, ఉన్న శక్తంతా ఖర్చుపెట్టి ఆ 96ని నిలబెట్టుకుంటారు. చిన్ని చేసినదీ అదే. పాలు తాగుతుంటే నుదుటి మీద చెమట పట్టేది. నాలుగు గుక్కలు తాగి ఆగిపోయేది, రొప్పేది, మళ్ళీ తాగేది. సగం సీసా కాకముందే నిద్రపోయేది. 11వ నెలలో 6.1 కిలోలు ఉంది. తిన్నదంతా ఊపిరికే పోతే ఒంటికి ఏం పడుతుంది?

ఇంకొకటి చెప్పాలి. ఒళ్ళో కూర్చున్నప్పుడు ప్రతి ఊపిరికీ తల చిన్నగా ముందుకు ఊగేది. అది ఆట అనుకున్నాం. మా అత్తగారు దానికి తగ్గట్టు చప్పట్లు కొట్టి ఆడించేవారు. ఊపిరి అందక మెడ కండరాలతో లాగుతున్నప్పుడు పసిపిల్లల తల అలా ఊగుతుందని తర్వాత తెలిసింది. ఆ వీడియోలు మా ఫోన్లో ఉన్నాయి. అత్తగారు వాటిని మళ్ళీ చూడలేకపోయారు.

నర్సమ్మ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట మీద కళ్ళు పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 64. ఇంకోరోజు 61. ఇంకోరోజు 66. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50 లేదా అంతకు మించి ఊపిరి తీసుకుంటుంటే అది వేగం కిందే లెక్క అని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతారు. రెండు నెలల లోపైతే 60, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపైతే 40. ఏడుపు, పాలు తాగడం అయిపోయాక, బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, పసిపిల్లల ఊపిరి ఒకే వరసలో ఉండదు. నేను 20 రోజుల లెక్క ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఆ నోటుబుక్కే మమ్మల్ని సరైన గదికి చేర్చింది.

ఆ గదిలో ఇద్దరు డాక్టర్లున్నారు. ఒకరు పిల్లల వెన్నెముక సర్జన్, ఇంకొకరు పిల్లల ఊపిరితిత్తుల డాక్టరు. ఇద్దరూ ఒకేసారి చూడటం అంతవరకూ మాకు ఎక్కడా జరగలేదు. సర్జన్ ఎక్స్‌రే అడగలేదు. "పాపని మీ ఒళ్ళో మీ వైపు తిప్పి కూర్చోబెట్టుకోండమ్మా" అన్నారు. వెనక నుంచి రెండు చేతులూ పాప ఛాతీ కింది భాగం చుట్టూ వేసి, బొటనవేళ్ళు రెండూ వెన్నుకి అటూ ఇటూ సమాన దూరంలో నిలువుగా ఆనించారు. తర్వాత ఏమీ చేయలేదు. అలాగే ఉన్నారు. "ఇప్పుడు నా వేళ్ళు చూడండి" అన్నారు.

నేను చిన్ని భుజం మీదుగా వంగి చూశాను. పాప ఊపిరి పీల్చినప్పుడల్లా కుడి బొటనవేలు వెన్ను నుంచి పక్కకు జరుగుతోంది. ఎడమ బొటనవేలు ఉన్నచోటే ఉంది. మామూలు పిల్లల్లో రెండు వేళ్ళూ సెంటీమీటరుకు పైగా జరుగుతాయట. అయిదో వారంలో నా అరచేతికి తెలిసిన విషయమే అది. ఆయన చేతుల మీద దాన్ని కళ్ళతో చూశాను. నాకు ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు కాదు. నేను పొరపాటు పడలేదన్న ఏడుపు.

అప్పుడు చెప్పారు పేరు: థొరాసిక్ ఇన్‌సఫిషియెన్సీ సిండ్రోమ్. ఛాతీ మామూలు ఊపిరికి గానీ, ఊపిరితిత్తుల ఎదుగుదలకు గానీ సాయపడలేని స్థితి. పుట్టుకతోనే వెన్నుపూసలు సరిగ్గా విడిపోకుండా, పక్కటెముకలు అతుక్కుని ఉండటం దానికి ఒక కారణం. ఛాతీ గూడే ఇరుకుగా పుట్టే జూన్ సిండ్రోమ్‌లోనూ, వెన్నుపూసలన్నీ పొట్టిగా కలిసిపోయే జబ్బుల్లోనూ, పక్కటెముకలు కొన్ని లేకుండా పుట్టిన పిల్లల్లోనూ ఇదే కష్టం వస్తుంది.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒక కాగితం మీద గీసి చూపించారు. పుట్టినప్పుడు ఛాతీ లోపలి జాగా పెద్దవాళ్ళకు ఉండేదాంట్లో సుమారు 6 శాతం. అయిదేళ్ళకు 30 శాతం. పదేళ్ళకు 50 శాతం. ఊపిరితిత్తిలో గాలి గదులు పుట్టేది కూడా ఎక్కువగా చిన్నతనంలోనే, మొదటి రెండు మూడేళ్ళలో మరీ వేగంగా. చోటు ఉంటేనే అవి పెరుగుతాయి. ఆ వయసు దాటిపోయాక వెన్నును నిటారుగా చేసినా అవి వెనక్కి రావు. "వెన్ను వంకర తర్వాతైనా సరిచేయొచ్చు. ఊపిరితిత్తికి మాత్రం ఇప్పుడే చోటు కావాలి" అన్నారావిడ.

మా ఆయన అడిగారు, ఇప్పుడే వెన్ను అతికించేసి వంకర ఆపేస్తే పోదా అని. నా మనసులోనూ అదే ఉంది. ఒకప్పుడు అలాగే చేసేవారట. చిన్నప్పుడే ఛాతీ భాగంలో వెన్నుపూసలు అతికించేస్తే వంకర ఆగుతుంది, దాంతోపాటు ఎదుగుదలా ఆగిపోతుంది. బిడ్డ పెద్దదవుతుంది, ఛాతీ పసిబిడ్డ ఛాతీలాగే ఉండిపోతుంది. అలా అతికించిన పిల్లలను పెద్దయ్యాక పరీక్షిస్తే చాలామందిలో ఊపిరి సామర్థ్యం బాగా తక్కువగా ఉంది. ఛాతీ భాగం వెన్ను ఎత్తు కనీసం 18 సెంటీమీటర్లైనా ఉండాలి, 22 దాకా వస్తే ఇంకా నయం అనే లెక్క అక్కడినుంచే వచ్చింది. మొదటి డాక్టరు చెప్పిన దారిలో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఆ కాగితం చూశాక అర్థమైంది. ఆయన మీద కోపం చాలా రోజులు ఉంది. దాచుకోను.

ఆ రాత్రి నిద్ర పట్టక దీని చరిత్ర చదివాను. 1987లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో, ఒకవైపు పక్కటెముకలు లేక వెంటిలేటర్ మీదే ఉన్న ఒక పసివాడికి రాబర్ట్ క్యాంప్‌బెల్, మెల్విన్ స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు లోహపు కడ్డీలతో ఛాతీ గోడ కట్టారు. అక్కడినుంచి మొదలై, 1989 నాటికి బిడ్డతోపాటు సాగదీయగలిగే టైటానియం పక్కటెముక వచ్చింది. దాన్ని వెప్టర్ అంటారు. 2004లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. చిన్నికి పెట్టాలన్నది అదే. ఎవరో ఇద్దరు ఒక బిడ్డ కోసం ఆలోచించింది నా బిడ్డ దాకా వచ్చిందని ఆ రాత్రి పదేపదే అనుకున్నాను.

వెంటనే ఆపరేషన్ చేసేస్తారనుకున్నాం. 15 నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ బరువుతో అంత పెద్ద ఆపరేషన్ తట్టుకోలేదు, చర్మం కింద కాస్త కండ లేకపోతే లోహం చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ముందు పరీక్షలన్నీ అయ్యాయి. సీటీ స్కాన్, వెన్నుపాముకు ఎమ్మారై, గుండెకు ఎకో, కిడ్నీలకు అల్ట్రాసౌండ్. ఊపిరికి ఆపరేషన్ అయితే కిడ్నీలకు స్కాన్ ఎందుకని అడిగాను. గర్భంలో వెన్నుపూసలు తయారయ్యే వారాల్లోనే గుండె, కిడ్నీలు కూడా రూపం పోసుకుంటాయట. ఒకచోట లోపం ఉంటే మిగతావి చూడకుండా వదలకూడదన్నారు. చిన్నికి ఒకటే కిడ్నీ ఉందని అలా తెలిసింది. అది బాగానే పనిచేస్తోంది. కానీ ఏ మందులు వాడొచ్చు, ఏవి వాడకూడదు అన్నది అప్పటినుంచీ మారిపోయింది.

నిద్ర పరీక్ష ఇంకో విషయం బయటపెట్టింది. పగలు 96 ఉండే ఆక్సిజన్ కలలు వచ్చే నిద్రలో 86కి పడిపోతోంది. ఆ నిద్రలో పక్కటెముకల మధ్య కండరాలు వదులైపోతాయి, ఊపిరి మొత్తం ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, ఒక్కదాని మీదే పడుతుంది. అందుకే రాత్రిపూట బైప్యాప్ మాస్కు, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి పంపి ఊపిరికి సాయం చేసే యంత్రం మాస్కు, పెట్టమన్నారు. మొదటి రెండు వారాలు మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. పెట్టిన అయిదు నిమిషాల్లో పీకేసేది. చివరికి మా పెద్దాడు, అప్పటికి వాడికి ఆరేళ్ళు, చెల్లి బొమ్మ మొహానికి పాత మాస్కు కట్టి "బొమ్మ బజ్జుంటోంది" అని చూపించాడు. ఆ రాత్రి నుంచి ముందు బొమ్మకి, తర్వాత చిన్నికి. మాస్కు పడ్డాక బరువు పెరగడం మొదలైంది. ముక్కులోంచి గొట్టం వేసి రాత్రి నెమ్మదిగా పాలు ఎక్కించడం కూడా సాయపడింది. గొట్టం వేస్తామన్నప్పుడు ఓడిపోయినట్టు బాధపడ్డాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందే వేయించుకోమంటాను. ఫ్లూ టీకా, న్యుమోకోకల్ టీకా ఆ నెలల్లోనే ఇప్పించాం. ఇలాంటి పిల్లలకు చిన్న జలుబే పెద్ద ప్రమాదం.

రెండేళ్ళ రెండు నెలలకు, 9.4 కిలోల బరువుతో ఆపరేషన్ అయింది. ఆరున్నర గంటలు పట్టింది. ఎడమవైపు అతుక్కున్న పక్కటెముకల పలకను అడ్డంగా కోసి, మెల్లగా విడదీసి, ఛాతీ గోడను తెరిచి, తెరిచిన చోటు మూసుకుపోకుండా టైటానియం కడ్డీలు రెండు పెట్టారు. ఒకటి పై పక్కటెముక నుంచి కింది పక్కటెముకకు, ఇంకొకటి పక్కటెముక నుంచి నడుము దగ్గరి వెన్నుపూసకు. అంతసేపూ వెన్నుపాము, చెయ్యి నరాల సంకేతాలు యంత్రంలో చూస్తూనే ఉంటారట. పైనున్న పక్కటెముకను మరీ పైకి నెడితే చేతికి పోయే నరాలు నొక్కుకుపోతాయి. అందుకే బయటికొచ్చిన సర్జన్ మొదట చెప్పిన మాట, "చెయ్యి బాగుంది" అని.

ఐసీయూ రోజుల గురించి ఎక్కువ రాయలేను. మూడో రోజు వెంటిలేటర్ తీసి చూశారు, నిలవలేదు, మళ్ళీ పెట్టారు. ఆరో రోజు తీశారు, నిలిచింది. ఛాతీలోంచి గొట్టం, నొప్పికి వీపులో సన్నటి గొట్టం, రక్తం ఎక్కించారు. ఆరో రోజు నా వేలు ఎడమచేత్తో పట్టుకుంది. అదొక్కటే నాకు స్పష్టంగా గుర్తుంది.

ఇంటికొచ్చాక మేము మార్చుకోవలసినవి చాలా ఉన్నాయి. చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి వీపు కింద వేసి ఎత్తాలి. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టేది. కడ్డీ ఉన్నచోట చర్మం ఉబ్బెత్తుగా ఉంటుంది, అక్కడ బట్ట కుట్టు కూడా ఒరుసుకోకూడదు. రోజూ స్నానం తర్వాత ఆ చర్మం రంగు చూడాలి. బెల్టులు, బ్రేసులు ఏవీ వేయలేదు. గాయం మానాక పరిగెత్తనివ్వమన్నారు, ఎందుకంటే ఛాతీని మళ్ళీ బిగించేస్తే చేసినదంతా వృథా.

పద్నాలుగు నెలల తర్వాత నిద్ర పరీక్ష మళ్ళీ చేస్తే ఆక్సిజన్ 92 కంటే కిందికి పోలేదు. మాస్కు తీసేయమన్నారు. ఎడమ ఊపిరితిత్తి ఎత్తు 58 శాతం నుంచి 81 శాతానికి వచ్చింది. ఆ ఎక్స్‌రే మా ఆయన పర్సులో చిన్న ఫోటోగా తీసి పెట్టుకున్నారు.

ఆపరేషన్ ఒక్కసారితో అయిపోదు. ఈ వైద్యంలో అసలు కష్టం అదే. బిడ్డ పెరుగుతుంది, కడ్డీ దానంతటది పెరగదు. ఆరు నెలలకోసారి మళ్ళీ మత్తు ఇచ్చి, రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, కడ్డీని అర సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకాస్త, సాగదీసి బిగిస్తారు. మర్నాడు ఇంటికి పంపేస్తారు. చిన్నికి ఇప్పటికి 12 సార్లు అయింది. మధ్యలో కడ్డీ పూర్తిగా సాగిపోయి ఒకసారి పొడవాటిది మార్చారు. అయస్కాంతంతో బయటినుంచే సాగదీసే కడ్డీలు కూడా ఉన్నాయి. అవి అందరికీ సరిపోవు. అతుక్కున్న పక్కటెముకలను విడదీసిన చిన్నికి వెప్టరే సరైనదన్నారు.

అన్నిసార్లు మత్తు ఇవ్వడం గురించి నాకున్న టెన్షన్ ఇప్పటికీ పోలేదు. మూడేళ్ళ లోపు పిల్లలకు ఎక్కువసేపు గానీ, పదేపదే గానీ మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని 2016లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మత్తు డాక్టరుని సూటిగా అడిగాను. ఆయన విసుక్కోలేదు. "ఆ భయం సరైనదే. అవసరం లేని ఏ పనికీ మత్తు ఇవ్వం. ఎమ్మారై లాంటివి ఆపరేషన్ రోజునే కలిపి చేసేద్దాం. కానీ ఊపిరితిత్తి పెరగకపోతే కలిగే నష్టం మనకు ఖాయంగా తెలుసు" అన్నారు. నాకు అంతకంటే నిజాయితీ గల జవాబు ఇంకెవరూ చెప్పలేదు.

అయిదోసారి సాగదీశాక కుట్టు దగ్గర ఎర్రబడింది. రెండు రోజులు చూద్దాం అనుకున్నాను. ఆ రెండు రోజులు ఆగకుండా ఉండాల్సింది. చీము పట్టింది. లోపల కడిగి, ఆరు వారాలు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. కడ్డీ తీసేయాల్సి రాలేదు, అదృష్టం. ఆరేళ్ళప్పుడు కడ్డీని పై పక్కటెముకకు పట్టి ఉంచే కొక్కెం ఆ పక్కటెముకను మెల్లగా కోసుకుంటూ పైకి జరిగిపోయింది. ఇది చాలామంది పిల్లల్లో జరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి ఈసారి మేము బెదిరిపోలేదు. మళ్ళీ దాన్ని కిందికి తెచ్చి, కొత్తగా పెరిగిన ఎముకకు తగిలించారు.

ఆరేళ్ళు వచ్చాక మొదటిసారి ఊదే పరీక్ష చేయగలిగింది. అంతకంటే చిన్నపిల్లలు చెప్పినట్టు ఊదలేరు. ఇక్కడ ఒక విషయం తల్లిదండ్రులు తప్పకుండా అడగాలి. ఊపిరి సామర్థ్యం మామూలు పిల్లలతో పోల్చేటప్పుడు బిడ్డ ఎత్తును లెక్కలోకి తీసుకుంటారు. వెన్ను వంగిన పిల్లలు ఉండాల్సిన ఎత్తు కంటే పొట్టిగా ఉంటారు కాబట్టి ఆ ఎత్తుతో లెక్కేస్తే ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. అందుకని రెండు చేతులూ చాచి వేళ్ళ చివరి నుంచి వేళ్ళ చివరికి కొలిచి దాన్నే ఎత్తుగా తీసుకోవాలి. చిన్నికి అలా కొలిస్తే 46 శాతం వచ్చింది.

నేను కుప్పకూలిపోయాను. ఇన్ని ఆపరేషన్లు చేయించి సగం కూడా లేదా? డాక్టరమ్మ నన్ను కాసేపు ఏడవనిచ్చి తర్వాత చెప్పారు. ఈ వైద్యం ఊపిరితిత్తులను మామూలుగా చేయదు. మిగతా పిల్లల ఊపిరితిత్తులు పెరుగుతుంటే మీ పాపవి ఆగిపోకుండా వాటి వెంట నడిపిస్తుంది. శాతం నిలబడితే చాలు, ఎందుకంటే వయసుతోపాటు ఆ నూరు శాతమే పెద్దదవుతోంది. ఈ ఏడాది మళ్ళీ ఊదింది. 45 శాతం. కానీ ఆరేళ్ళప్పుడు అర లీటరు కంటే కొంచెం ఎక్కువ ఊదిన పిల్ల ఇప్పుడు 800 మిల్లీలీటర్లు ఊదుతోంది. ఆ తేడా మా ఇంట్లో మాకు తెలుసు. రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కుతుంది. ఎక్కుతూ మాట్లాడుతుంది కూడా.

మా సంగతి తెలిసినవాళ్ళు ఈమధ్య ఫోన్ చేసి, మా బాబుకి రొమ్ము మధ్యలో గుంట ఉంది, ఊపిరితిత్తులు పెరగవా అని అడుగుతున్నారు. అది వేరు. రొమ్ము ఎముక లోపలికి వంగి ఉండటం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది, ఎక్కువమందికి చిన్నతనంలో ఊపిరికి ఇబ్బంది ఉండదు. వేగంగా పెరిగే వయసులో లోతు పెరిగి ఆయాసం వస్తే స్కాన్ చేసి చూస్తారు. అవసరమైతే లోపల లోహపు పట్టీ పెట్టి రెండు మూడేళ్ళ తర్వాత తీసేసే ఆపరేషన్ ఉంది, ఎక్కువగా టీనేజీలో చేస్తారు. గుంట కనబడగానే భయపడిపోవద్దని చెబుతాను. కానీ దాంతోపాటు ఊపిరి లెక్కపెట్టమని కూడా చెబుతాను. బరువు పెరుగుతోందా, పాలు తాగేటప్పుడు చెమట పడుతోందా, రెండువైపులా సమానంగా తెరుచుకుంటోందా చూడమంటాను. వెన్ను వంకర అని చెప్పిన పిల్లలైతే వంకర ఎన్ని డిగ్రీలు అని అడిగి ఊరుకోకుండా, ఊపిరితిత్తులకు ఎంత చోటుందో కొలిచి చెప్పమని అడగాలి. ఊపిరితిత్తుల డాక్టరు కూడా చూడాలని పట్టుబట్టాలి.

గతనెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సర్జన్ మళ్ళీ వెనక నుంచి చేతులు వేసి బొటనవేళ్ళు ఆనించారు. కుడివేలు జరిగింది. ఎడమవేలు ఇప్పటికీ దాదాపుగా జరగదు. అతుక్కుని పుట్టిన పక్కటెముకలకు చోటు దొరికింది, కదలిక రాలేదు. అటువైపు పనంతా ఉదరవితానమే చేస్తోంది. చిన్ని తల వెనక్కి తిప్పి, "ఈసారి ఎంత కదిలింది?" అని అడిగింది.

"కుడివైపు బాగా కదిలింది. ఎడమవైపు ఎప్పటిలాగే."

"మరి ఈసారి ఎన్ని మిల్లీమీటర్లు సాగదీస్తారు?"

"ఆరు అనుకుంటున్నా. తెరిచాక చెబుతా."

కిందటిసారి ఏడు వచ్చిందని చిన్ని ఆయనకు గుర్తుచేసింది. అవును, ఏళ్ళు గడిచే కొద్దీ లోపల బిగుసుకుని సాగడం తగ్గుతుందని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు. ఇంకా ఎన్నిసార్లు ఉంటుందని అడిగింది. ఎదుగుదల పూర్తయ్యేదాకా అన్నారు. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. నాకు చెప్పలేదు.

పదమూడోది వచ్చే నెలలో. రాత్రి తను నిద్రపోయాక పక్కన కూర్చుని పాత అలవాటు ప్రకారం లెక్కపెట్టాను. నిమిషానికి 23.